గంజాయి మానలేని తమ్ముడిని దాచొద్దు, వైద్యానికి తీసుకెళ్దాం



గంజాయి గురించి మనలో మనం మాట్లాడుకోం. ఎందుకో అందరికీ తెలుసు. ఏజెన్సీ అనగానే గంజాయి అనే మాట మన మొఖాన కొడతారు. ఆ చెడ్డపేరు ఇంకా పెరుగుతాదని, మనలో అలవాటు పడ్డోడిని మనమే దాచేస్తున్నాం. దాస్తే జాతి పరువు నిలబడదు, ఆ గుంటడి చదువు మాత్రం పోతాది.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. ఇవి అవసరమే. కానీ నిప్పు పెడితే సరుకు పోతాది, మనిషికి పట్టిన అలవాటు పోదు.

తాగిన ప్రతివాడూ బానిస అయిపోడు. సుమారు పది మందిలో ఒకరు అవుతారు. చిన్న వయసులో మొదలెడితే ఆరుగురిలో ఒకరు. మన ఇంటర్, పాలిటెక్నిక్ పిల్లల వయసు అదే. మానేసిన ఒకటి రెండు రోజులకే నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే కోపం వస్తాది. మొదటి వారం చాలా కష్టం. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతాది, నిద్రకి ఇంకొంచెం ఎక్కువ పట్టొచ్చు. ఇది తెలియక మూడో రోజే మళ్లీ ముట్టిస్తాడు. మనం బుద్ధి లేదంటాం. ఇంట్లో కొడతారు, లేకపోతే గాలి సోకిందని ఎజ్జోడి దగ్గరికి తీసుకెళ్తారు.

గంజాయి మాన్పించే మాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు. కౌన్సెలింగే అసలు వైద్యం. ఎప్పుడు, ఎవరితో, ఏ బాధకి తాగుతున్నాడో అతని నోటితోనే చెప్పించి, ఆ టైముకి వేరే దారి అలవాటు చేస్తారు. నిద్రకి, ఆందోళనకి అవసరమైతే డాక్టరు మందులిస్తారు. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, అందరినీ అనుమానిస్తున్నా అస్సలు ఆలస్యం చెయ్యకండి. పొందూరులో రైలెక్కితే విశాఖ. అక్కడ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే 14446, లేదా టెలీమానస్ 14416. రెండూ ఉచితమే.

"ఆస్పత్రికెళ్తే కేసు పెట్టేస్తారేమో" అని కొందరి భయం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. తాగినందుకో, కొద్ది మొత్తం దొరికినందుకో కేసున్నా, తనంతట తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న కేంద్రంలో వైద్యం పూర్తి చేసుకుంటే విచారణ నుంచి మినహాయింపు ఉంటుంది. సగంలో మానేస్తే అది పోవచ్చు. అమ్మేవాడికి, మోసేవాడికి ఇది వర్తించదు. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. కూలి డబ్బుల కోసం బ్యాగు మోసే మన కుర్రాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పండి.

అమ్మేవాడినీ అలవాటు పడ్డవాడినీ ఒకే గాటన కట్టొద్దు. గదిలోంచి గెంటేస్తే వాడు నేరుగా అమ్మేవాడి దగ్గరికే పోతాడు. ప్రతి కాలేజీలో మన సంఘం నుంచి ఇద్దరు ముందుకొచ్చి, అలాంటి తమ్ముడితో ఆస్పత్రికి వెళ్లాలి, మొదటి రెండు వారాలు రాత్రిళ్లు పక్కనుండాలి. విషయం బయటకి పొక్కనివ్వకూడదు.

మీ కాలేజీ నుంచి ఎవరొస్తారో కామెంట్లో చెప్పండి. అలవాటు పడ్డోళ్ల పేర్లు మాత్రం ఎవ్వరూ రాయకండి.

జై ఆదివాసీ!