మెతుకుసీమలో వెలసిన మహామందిరం

అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించే సంప్రదాయం మనది. ఆకలిగొన్నవారి కడుపు నింపడానికి మొదలైన దైవమందిరం ఏ మతానిదైనా మనకు వందనీయమే. మెదక్ కెథడ్రల్ అటువంటిది.

హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రాతి కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురం 173 అడుగుల ఎత్తున దూరానికే దర్శనమిస్తుంది. గోథిక్ శైలిలో కోసుగా లేచిన తోరణాలు, బారులు తీరిన స్తంభాలు చూపును పైపైకి నడిపిస్తాయి. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ ఘట్టాలను చిత్రించిన మూడు రంగుటద్దాల కిటికీలు లోపలి నుంచి చూసేవారికి సూర్యకాంతిలోనే ప్రకాశిస్తాయి. పొద్దు గుంకితే ఆ రూపాలు కనిపించవు. అరసవల్లిలో స్వామి పాదాలను తాకే కిరణాల కోసం వేచి ఉండే భక్తులకు ఈ భావన పరాయిదిగా తోచదు.

అయితే ఈ మందిరపు అసలు ఘనత దాని పుట్టుకలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ ప్రాంతం కరువుతో అల్లాడింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఆంగ్ల మిషనరీ 1914లో నిర్మాణం తలపెట్టి, పనికి వచ్చినవారికి అన్నం పెట్టించారు. పదేళ్ల శ్రమ ఫలించి 1924 డిసెంబరు 25న మందిరం ప్రారంభమైంది. మెదక్‌కు పూర్వనామం మెతుకుదుర్గం. ఆ పేరు ఇక్కడ సార్థకమైంది.

మతప్రచారకుని కట్టడాన్ని మనం మెచ్చుకోవడమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. ఆయన మార్గంతో ఏకీభవించనక్కరలేదు. ఆకలి తీర్చిన పనిని గుర్తించడం మాత్రం ధర్మమే. 1784 నాటి కరువులో లక్నో నవాబు అసఫుద్దౌలా బడా ఇమాంబాడా నిర్మాణంతో ఎందరికో ఉపాధి కల్పించాడు. మన కాకతీయుల కాలంలో గుడితోపాటు చెరువునూ నిర్మించేవారు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చెంతనే ఉన్న చెరువు అందుకు సాక్ష్యం.

అన్నదానం మహాపుణ్యం. ఒంట్లో శక్తి ఉన్నవానికి పని చూపి పెట్టే అన్నంలో పుణ్యంతోపాటు గౌరవమూ ఉంది. అతడు చేయి చాచనక్కరలేదు. తన చెమటతో దైవసన్నిధిలో ఒక రాయి నిలిపానన్న తృప్తి అతనికి మిగులుతుంది.

నేడు ఊరూరా ఆలయాల జీర్ణోద్ధరణ జరుగుతోంది. విరాళాలకు కొదవ లేదు. ఆ ధనం ఎక్కువగా యంత్రాలకూ హంగులకూ పోతే, ఊళ్లోని శిల్పి, వడ్రంగి, కూలీ ప్రేక్షకులుగా మిగిలిపోతారు. వర్షాభావ సంవత్సరాల్లోనైనా గుడి పనులు స్థానికుల చేతులమీదుగా జరగాలి. ఆలయ కమిటీలు తమ లెక్కల పుస్తకంలో దాతల పేర్ల పక్కనే, ఆ పనితో ఎన్ని కుటుంబాల పొయ్యి వెలిగిందో కూడా రాసుకోవాలి. దేవుడు ముందుగా చదివేది ఆ పుటనే.