కూర్చున్న జాతి

ముక్తేశ్వరపు రేవున ప్రాతఃకాలమున నిలిచి చూచువారికి రెండు దృశ్యములు కనబడును. గౌతమి కావలనున్న కోటిపల్లి నుండి వచ్చి, రేవున దిగి, నెత్తిన గంపతో ఊరిలోనికి నడచిపోవు స్త్రీ యొకతె. ఆమె ప్రక్కనే, నూరు గజములైన లేని కాఫీ హోటలునకు మోటారుసైకిలు నెక్కి పోవు పట్టభద్రుడొకడు. వీరిలో గౌరవార్హులెవ్వరని యడిగినచో మన సంఘము తడుముకొనక రెండవవానినే చూపును. ఈ తీర్పు తప్పనియు, ఆ తప్పునకు శిక్షను మన దేహములే యనుభవించుచున్నవనియు చెప్పుటకే నేడు కలము పట్టితిమి.

ఈ నేరమున మేమును ముద్దాయిలమే. ఉదయము కక్షిదారులతో కూర్చుండి, పగలు న్యాయస్థానమున కూర్చుండి, రాత్రి దస్తరముల ముందు కూర్చుండి యిరువదేండ్లు గడపితిమి. రేవు మెట్లు నాలుగెక్కి ఆయాసపడిన దినమున గాని మాకు కనువిప్పు కలుగలేదు. కావున నిది నిర్దోషి చేయు నింద కాదు. సహదోషి యిచ్చు వాఙ్మూలము.

కండరము బరువులెత్తుటకు మాత్రమే యని మన తలంపు. భోజనానంతరము రక్తమున చేరు చక్కెరలో పెద్ద పాలు నందుకొని దాచుకొను కోశాగారము కండరమే. అది పనిచేయునప్పుడు ఇన్సులిను పిలుపునకై వేచియుండకయే చక్కెరను లోనికి తీసికొనును. కదలిక లేని కండరము క్రమముగా ఇన్సులిను మాట వినుట మానును. అంతట చక్కెర రక్తమున నిలుచును. ఖర్చుగాని శక్తి క్రొవ్వయి కడుపులోను, కాలేయములోను పేరుకొనును. 1966లో అమెరికాలోని డల్లాసు నగరమున ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారములు మంచము దిగనీయక పరీక్షించిరి. 30 ఏండ్ల పిమ్మట ఆ యైదుగురినే మరల పరీక్షింపగా, ముప్పదేండ్ల వయోభారము హరించిన శ్రమశక్తికంటె ఆ మూడు వారముల శయ్య హరించినదే యెక్కువయని తేలినది!

‘మేము లావుగా లేము, మాకేమి భయము?’ అని కొందరు ప్రశ్నింతురు. ఈ ధైర్యమే మోసకరమైనది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య శాస్త్రజ్ఞులు తమ దేహములనే సాక్ష్యముగా చూపిరి. ఒకరు పూనా నగరపు యాజ్ఞిక్, మరియొకరు లండనునకు చెందిన యుడ్కిన్. ఎత్తునుబట్టి లెక్కించిన బరువు ఇద్దరికిని సమానమే. కాని యుడ్కిన్ దేహమున క్రొవ్వు నూటికి 9 పాళ్లు. మన యాజ్ఞిక్ దేహమున 21 పాళ్లు. చొక్కా చాటున సన్నముగా కనబడు భారతీయుడు లోపల క్రొవ్వు మోయుచుండవచ్చునన్నమాట. దేశమున మధుమేహ పీడితులు పది కోట్ల మందికి పైబడిరని 2023లో భారత వైద్య పరిశోధనా మండలి వెలువరించిన లెక్కలు చెప్పుచున్నవి. కూర్చుండుట యొక్కటియే దీనికి కారణమని మేమనము. కాని కారణములలో మన చేతనున్నది అది.

‘మాది మేధాజీవనము, దేహముతో మాకు పనియేమి?’ అను వాదము మరింత విడ్డూరమైనది. మెదడు దేహములోనిది కాక మరెక్కడిది? 2011లో ప్రకటితమైన యొక పరిశోధనలో 120 మంది వృద్ధులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుచే ఏడాదిపాటు నడక సాధన చేయించిరి. రెండవ జట్టు అవయవములను సాగదీయు తేలికపాటి సాధనతో సరిపెట్టుకొన్నది. జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ అను మెదడు భాగము నడచినవారిలో నూటికి రెండు పాళ్లు పెరిగినది. రెండవ జట్టున తరిగినది. మతిమరపు వ్యాధికి దారితీయు నివారింపదగిన కారణములలో దేహ జాడ్యము నొకటిగా 2024లో లాన్సెట్ సంఘము చేర్చినది. నడువని న్యాయవాది తన వాదమునే మరచు దినము రావచ్చును!

‘కోనసీమ వారము, కష్టజీవులము’ అను గర్వమొకటి మిగిలినది. కష్టించునది ఎవరు? కొబ్బరి చెట్టెక్కు దింపు కార్మికుడు, నాట్లు వేయు కూలి స్త్రీ. వారి చెమటను మన ఖాతాలో వ్రాసికొనుట న్యాయమా? వారికి వ్యాయామోపదేశము చేయుట మా యుద్దేశము కాదు. వారికి కావలసినవి తగిన కూలి, విశ్రాంతి, భద్రత. ఉపదేశము కావలసినది గట్టుమీద గొడుగు పట్టుకొని నిలుచు మనకు. 2022 నాటికి ఈ దేశమున వయోజనులలో ఇంచుమించు సగము మంది చాలినంత దేహశ్రమ లేనివారని అంతర్జాతీయ గణనము తేల్చినది. స్త్రీలలో నూటికి 57 మంది అట్టివారే. స్త్రీ వీథిలో నడచినచో వేలు చూపు సంఘము ఈ యంకెకు బాధ్యత వహింపవలదా?

వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు బలమున లోకప్రసిద్ధుడయ్యెను. 1930లో అరువది దాటిన గాంధీ మహాత్ముడు 24 దినములు నడచి దండి చేరెను. అట్టి దేశమున నేడు పిల్లల యాటల గంటను లెక్కల పాఠమునకు అప్పిచ్చి, ఆ యప్పును ఎన్నడును తీర్చని బడులు కొల్లలు. బాలబాలికలకు దినమునకు 60 నిమిషముల చురుకైన కదలిక యుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. మార్కులకై ఆ గంటను హరించు తల్లిదండ్రులు బిడ్డ మెదడునకే గండి కొట్టుచున్నారు.

కావున మేము కోరునవి మూడు. కాలువ గట్లపై ముండ్లు తొలగించి, దీపములు నిలిపి, స్త్రీలు సైతము నిర్భయముగా నడచునట్లు పంచాయతీలు బాట లేర్పరుపవలెను. ఆటల గంటను ఏ యుపాధ్యాయుడును అప్పు తీసికొనరాదు. వయోజనులు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ వడిగా నడచి, రెండు దినములైన దండీలో బస్కీలో తీసి కండరమును నిలుపుకొనవలెను; హృద్రోగులు వైద్యుని యడిగి మొదలిడవలెను. వీనిలో మూడవదానికి ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు.

పఠనమందిరమున నీ పత్రిక చదువుచున్న మిత్రులారా! లేవని దేహముతో దేశమును లేవనెత్తుదుమనుట వట్టి మాట. పత్రికను తరువాతి వారి చేతికిచ్చి లేవుడు. వాహనము నచ్చటనే యుంచి నేటికి నడచియే యింటికి పొండు. మేమును బయలుదేరుచున్నాము.