హైదరాబాద్–కరాచీ: దూరం 1,450 కిలోమీటర్లే.. మరి ప్రయాణం?

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి కరాచీ జిన్నా ఎయిర్‌పోర్టుకు దూరం సుమారు 1,450 కిలోమీటర్లు. ఢిల్లీకి ఎంతుంటుంది? దాదాపు 1,250. అంటే ఢిల్లీ కంటే కరాచీ ఇంకో 200 కిలోమీటర్లే ఎక్కువ. నేరుగా విమానం ఉంటే రెండున్నర గంటల్లోపే దిగొచ్చు. కానీ ఆ విమానమే లేదు.

నెట్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే దూరం, టైమ్ వెంటనే వచ్చేస్తాయి. రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని కొలిచి, గంటకు సుమారు 800 కిలోమీటర్ల చొప్పున లెక్కగట్టి, టేకాఫ్, ల్యాండింగ్‌కు అరగంట కలుపుతారు. అది మ్యాప్ లెక్క. ప్రభుత్వాల లెక్క వేరు.

భారత్, పాక్ మధ్య ఏళ్ల తరబడి నేరుగా విమానాలు లేవు. దుబాయి మీదుగా వెళ్లాలంటే ముందు 2,550 కిలోమీటర్లు పడమరకు పోయి, మళ్లీ 1,200 కిలోమీటర్లు వెనక్కి రావాలి. గాల్లోనే ఆరు గంటలు. దుబాయిలో ఎదురుచూపులు అదనం. జోధ్‌పూర్ నుంచి కరాచీకి దారి చూపిన థార్ ఎక్స్‌ప్రెస్ 2019 ఆగస్టులోనే ఆగిపోయింది.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత వీసాలు రద్దయ్యాయి, అటారీ గేటు మూతపడింది. ఒకరి విమానాలకు మరొకరు గగనతలం మూసేశారు. ఆ ఆంక్షల్ని నెలనెలా పొడిగిస్తూ వచ్చారు.

నష్టం ఎవరికి? ఇద్దరికీ. 2019లో గగనతలం మూసివేత వల్ల ఒక్క ఎయిరిండియాకే రూ.491 కోట్లు పోయాయని కేంద్రం రాజ్యసభకు చెప్పింది. ఈసారి దారి పొడవు పెరగడంతో ఇండిగో ఢిల్లీ నుంచి తాష్కెంట్, ఆల్మాటీ సర్వీసులను ఆపేసింది. ఎయిరిండియా ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని 2025 సెప్టెంబర్ నుంచి నిలిపేయడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. అటు పాకిస్తాన్ కూడా రెండు నెలల్లోనే తమ కరెన్సీలో రూ.410 కోట్లు కోల్పోయినట్లు అక్కడి పార్లమెంటుకు తెలిపింది.

మన దగ్గర్నుంచి గల్ఫ్‌కు పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగా వెళ్తాయి కాబట్టి జిద్దా, దుబాయి ప్రయాణికులకు పెద్ద తేడా తెలియదు. అసలు దెబ్బ తగిలింది చుట్టరికాలకు. కరాచీలో హైదరాబాద్ కాలనీ ఉంది. బహదూర్ యార్ జంగ్ పేరిట బహదూరాబాద్ ఉంది. విడిపోయిన అన్నదమ్ముల పిల్లలు, మనవళ్లు రెండు వైపులా ఉన్నారు. పెళ్లికి పోలేరు, మయ్యత్‌కు అసలే అందుకోలేరు. వీడియో కాల్‌లోనే ఆఖరి చూపు.

భద్రత విషయంలో ఏ ప్రభుత్వమూ రాజీ పడదు, పడకూడదు కూడా. అయితే ముసలి తల్లిని చూడాలనుకునే కూతురికి, వైద్యం కోసం వచ్చే రోగికి తనిఖీ చేసి దారి ఇవ్వడం భద్రతకు అడ్డు కాదు. గగనతలం ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది, 2019లోనూ తెరుచుకుంది. ఆ రోజు విమాన కంపెనీల నష్టం ఆగుతుంది. వీసా కౌంటర్ కూడా తెరుచుకుంటేనే ఈ కుటుంబాలకు 1,450 కిలోమీటర్లు నిజంగా 1,450 కిలోమీటర్లు అవుతాయి.