ఒక్క ఫైలు... ఎన్నో భాషలు!

ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ఒకటే. వాడుకునేవాళ్లలో ఒకరిది జావా, ఒకరిది పైథాన్, మరొకరిది పీహెచ్‌పీ. అందరికీ ఎస్‌డీకేలు చేత్తో రాస్తుంటే ఒకచోట మార్చింది ఇంకోచోట మరిచిపోతాం. ఆ తేడా బయటపడేది కొనుగోలుదారు డబ్బు కట్టేటప్పుడే!

ఈ తలనొప్పికి మందు ఓపెన్ ఏపీఐ జనరేటర్. 2018లో స్వాగర్ కోడ్‌జెన్ నుంచి విడివడిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. సేవ వివరాలు ఒక్క ఫైల్లో రాసిస్తే, అడిగిన భాషలో కోడ్ తనే రాసిపెడుతుంది. అయితే ఒక్కో కంప్యూటర్లో ఒక్కో వెర్షన్ ఉంటే కోడూ మారిపోవచ్చు. అందుకే దాన్ని డాకర్ కంటెయినర్‌లో నడపండి. జనరేటర్, దానికి కావలసిన జావా అందులోనే సర్ది ఉంటాయి. ‘లేటెస్ట్’ అనకుండా వెర్షన్ అంకె ఇవ్వండి.

తయారైన కోడ్‌ని చేత్తో దిద్దకండి. మళ్లీ నడిపితే ఆ దిద్దుబాటు చెరిగిపోతుంది. దిద్దాల్సింది అసలు ఫైలునే. అందులో తప్పుంటే అన్ని భాషల్లోనూ తప్పే మరి!