మాత్రలు మానిన మూడవ దినము



ఈ నెల మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెట్టవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో మూడు దినములు ఉపవాస ప్రార్థనలు జరిగాయి. ఆఖరి రాత్రి సాక్ష్యముల సమయములో ఒక పెద్దమ్మ లేచి, "అయ్యగారూ, తొమ్మిదేండ్ల నుంచి నిద్రబిళ్ళ మింగకుండా పండుకున్నది లేదు. మొన్న ఆ అట్ట తీసి పొయ్యిలో వేశాను. ఇక నా నిద్ర నా ప్రభువే చూసుకుంటాడు" అని చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అందరికంటె గట్టిగా స్తోత్రము చెప్పినది మేమే.

మరునాడు తెల్లవారకముందే ఆమె కొడుకు వచ్చి మా తలుపు తట్టాడు. వెళ్ళి చూస్తే ఆమె చేతులు వణుకుతున్నాయి. మూలన ఎవరో నిలబడ్డారని చూపిస్తున్నది. గిన్నె కిందపడిన చప్పుడుకే ఉలిక్కిపడి కేకలు వేస్తున్నది. అక్కడ చేరినవారు అప్పటికే ఇది దురాత్మ పని అని తీర్మానించారు. మేము తలమీద చేయి ఉంచి ప్రార్థించుచుండగానే ఆమెకు మూర్ఛ వచ్చింది. ఆటోలో ఆస్పత్రికి చేర్చేలోపు మరొకసారి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగిన మాట, "ఏ మందులు వాడుతున్నది? ఎప్పుడు మానింది?" కొడుకు మా ముఖము చూశాడు. మేము తల వంచుకున్నాము.

ఆమె వాడినది ఆల్ప్రజోలం. డయాజిపాం, లోరాజిపాం, క్లోనజిపాం కూడా ఈ జాతివే. డాక్టరమ్మ మాకు ఈ విధముగా వివరించింది. ఈ మందు మెదడు వేగమును పట్టి ఉంచుతుంది. నెలల తరబడి వాడితే మెదడు ఆ పట్టుకు అలవాటుపడి, దానికి ఎదురు బలము పెంచుకుంటుంది. ఒక్కసారిగా పట్టు వదిలితే ఏటవాలులో బ్రేకు లేని లారీ వలె పరుగెత్తుతుంది. వణుకు, గుండెదడ, భయము, వెలుతురును చప్పుడును ఓర్వలేకపోవుట, లేనివి కనబడుట, మతి తప్పుట, మూర్ఛలు, ఇవన్నీ అందువలన కలిగేవే. ఆ మూర్ఛలలో ప్రాణము పోవచ్చును.

ఇది తెలిసిన తరువాత మరొక ఇంటిలో మేము ఇంకొక రకముగా తప్పుపడబోయాము. మన పడమటి మండలములలో ఫ్లోరైడు నీళ్ళు తాగి మోకాళ్ళు, నడుములు పట్టుకుపోయినవారు ఎందరో మీకు తెలియును. మార్కాపురం పలకల గనులలో వంగి వంగి పనిచేసిన నడుముల సంగతి చెప్పనక్కరలేదు. నొప్పిబిళ్ళ లేని ఇల్లు తక్కువ. పారసెటమాల్, డైక్లోఫెనాక్ వంటివి మానితే ఈ విధమైన బాధ రాదు (డైక్లోఫెనాక్ ఎక్కువైతే మూత్రపిండములు చెడతాయి, అది వేరే సంగతి). ట్రమడాల్, టపెంటడాల్, దగ్గు మందులో ఉండే కోడీన్ మాత్రము నల్లమందు కోవకు చెందినవి. ట్రమడాల్‌ను 2018లో మత్తుమందుల చట్టము కిందికి తెచ్చారు. చీటీ లేకుండా అమ్మరాదు. అయినా ఎక్కడెక్కడ దొరుకుతుందో అవసరమున్నవానికి తెలుసు.

గనిలో పనిచేసిన ఒక సహోదరుడు ట్రమడాల్ బిళ్ళలు రెండేండ్లుగా రోజుకు నాలుగైదు మింగుతున్నాడు. భార్య విసిగి అట్టలన్నీ పారవేసింది. మరునాటికి అతనికి ఆగని ఆవులింతలు. కన్నీళ్ళు, ముక్కు కారుట. చలికాలము కాకపోయినా ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కడుపు మెలిపెట్టి వాంతులు, విరేచనములు. పిక్కలు లాగి ఒకచోట కూర్చోలేడు. ఇంటివారు జలుబు జ్వరమన్నారు, తిండి పడలేదన్నారు. మేము మూర్ఛలు వస్తాయేమోనని భయపడి హడావిడి చేశాము. డాక్టరమ్మ చూసి, "ఇది ఆ జాతి కాదు అయ్యగారూ, ముక్కు చూడండి, కంటిపాప ఎంత పెద్దదైనదో చూడండి" అని చెప్పింది.

గుర్తుపట్టుటకు మాకు బాగా పనికివచ్చిన మాట ఇదే. నొప్పిబిళ్ళ మానినవాడు కారుతాడు: కన్ను, ముక్కు, కడుపు. నిద్రబిళ్ళ మానినవాడు అదురుతాడు: చేతులు, గుండె, మతి. చెమట, నిద్రలేమి, కుదురులేమి మాత్రము రెండింటిలోను ఉంటాయి గనుక వాటిని పట్టుకొని నిర్ణయించరాదు. రోజుల లెక్క కూడా చూడవలెను. ట్రమడాల్ వంటిది మానితే ఒక దినములోనే మొదలై, రెండు మూడు దినములు మిక్కిలి బాధించి, వారము పది దినములలో తగ్గుముఖము పడుతుంది. ఆల్ప్రజోలం మానితే ఒకటి రెండు దినములలో మొదలవుతుంది. డయాజిపాం శరీరములో చాలాకాలము నిలుస్తుంది గనుక వారము దాటి కూడా మొదలుకావచ్చును. అప్పటికి మాత్ర మానిన సంగతే ఇంటివారు మరచిపోతారు. ఈ బాధ వారములు, ఒక్కొక్కరికి నెలలు సాగుతుంది.

నొప్పిబిళ్ళ మానిన బాధ ఘోరముగా కనబడినా సాధారణముగా ప్రాణము తీయదు. కాని వాంతులు విరేచనములతో ఒంటిలో నీరు పోతే ప్రమాదమే. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు పట్టించవలెను. గర్భిణీ స్త్రీ డాక్టరును అడగక మానరాదు. ఇంకొక అపాయము తరువాత వస్తుంది. పదిహేను దినములు మానినవాడు, ఒంటికి ఓర్పు తగ్గిన సంగతి తెలియక, మునుపటివలె ఒకేసారి గుప్పెడు మింగితే శ్వాస ఆగిపోవచ్చును.

అన్నీ ఇంత తేటగా ఉండవు. ట్రమడాల్ ఎక్కువగా వాడేవారికి మూర్ఛలు కూడా వస్తాయి. రెండు రకములూ కలిపి మింగేవారున్నారు. సారా, బ్రాందీ మానినప్పుడు వచ్చే వణుకు, మూర్ఛ నిద్రబిళ్ళ మానిన దానివలెనే ఉంటాయి. మాత్ర ముట్టనివారికి కూడా ఇది రావచ్చును. గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుండి కూలికి హైదరాబాదు వెళ్ళే మన బిడ్డలు అక్కడ తాగే కల్లు ఎటువంటిదో ఆలోచించండి. కొన్నిచోట్ల ఆ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం కలుపుతారు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు అనేకులు వణుకుతో, మూర్ఛలతో, పిచ్చి మాటలతో ఆస్పత్రులలో చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్లు తాగి పలువురు చనిపోయినప్పుడు కూడా దానిలో ఆల్ప్రజోలం బయటపడింది. కనుక క్రిస్మసుకు ఇంటికి వచ్చిన కుమారుడు రెండవ దినమో మూడవ దినమో వింతగా ప్రవర్తిస్తే, గాలి సోకినదని అనుకొనకముందు అక్కడ ఏమి తాగేవాడో నెమ్మదిగా అడగండి. తిట్టితే చెప్పడు.

మూర్ఛ వస్తే చేతిలో తాళాలు, ఇనుము పెట్టవద్దు, నోటిలో ఏమీ పెట్టవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఖాళీ అట్ట అయినా సరే డాక్టరుకు చూపించండి. మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వ ఆస్పత్రులకు తీసుకువెళ్ళవచ్చును. మత్తు అలవాటు విషయమై 14446, మానసిక బాధల విషయమై 14416 నంబర్లకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఎంత కోపము వచ్చినా బిళ్ళలు దాచవద్దు, పొయ్యిలో వేయవద్దు. డాక్టరు చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించవలెను.

దీనిని అవిశ్వాసమని కొందరు సహోదరులు మాతో వాదించారు. మత్తయి 17వ అధ్యాయములోని మూర్ఛరోగి అయిన బాలుని చూపించారు. ప్రభువు బాగుచేసెను, మాకు సందేహము లేదు. అయితే హిజ్కియా కన్నీటి ప్రార్థన దేవుడు ఆలకించిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టించాడు గదా. ఇప్పుడు మేము ఇటువంటి ఇంటికి వెళ్ళితే ప్రార్థన మానము. కాని డాక్టరమ్మ అడిగిన ఆ రెండు ప్రశ్నలు అడిగి, బండి పిలిపించి, ఆ తరువాత మోకరిస్తాము.

ఆ పెద్దమ్మకు డాక్టరమ్మ నిదానముగా పనిచేసే మందుకు మార్చి, రెండు మూడు వారములకు ఒకసారి కొంచెము తగ్గిస్తూ వచ్చింది. పూర్తిగా మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. తగ్గింపు లెక్క వ్రాసిన చీటీ తన బైబిలులోనే పెట్టుకొని, ప్రతి ఆదివారము మాకు చూపించేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి పండుకొని మూడు గంటలకే లేస్తున్నది. "ముసలివాళ్ళ నిద్ర అంతేనంట అయ్యగారూ, డాక్టరమ్మ చెప్పింది" అని నవ్వుతుంది.