ఒక్క భుజముపై లోకభారము

దిల్‌సుఖ్‌నగరు బస్సుడిపోనుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగరు కూడలివరకు నడచిపోవువారికి మెట్రోస్తంభముల కిరువైపుల మేడలపై శిక్షణాలయముల పేరుపలకలు కానవచ్చును. పోటీపరీక్షల పలకల నడుమ పైథాను, లైనక్సు, డేటాసైన్సు అను మాటలును మెరయుచుండును. సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మము జిల్లాలనుండి విజయవాడ రహదారి వెంట వచ్చిన యువకులు ఇచ్చటి హాస్టళ్ళలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున తలదాచుకొని ఉద్యోగముల కొఱకు చదువుచున్నారు. ఇంటినుండి వచ్చిన సొమ్ములో రుసుము శిక్షణాలయమునకు చేరుచున్నది. అద్దె యింటివానికి చేరుచున్నది. వారు నేర్చుకొను విద్యకు మూలమైన సాధనములను నిలబెట్టుచున్నవారికి మాత్రము దమ్మిడీ చేరుటలేదు. ఉచితముగా లభించు వస్తువు శ్రమలేకయే తయారగునని భ్రమించుట లోకమునకు అలవాటైనది.

ఇట్టి సాధనములను ఓపెన్‌సోర్సు సాఫ్టువేరు అందురు. వాని మూలకోడు ఎల్లరకు తెఱచియుండును. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచిపెట్టవచ్చును. లైనక్సు వంటి మహానిర్మాణములలో పెద్దకంపెనీల వేతనోద్యోగులు పనిచేయుచున్న మాట నిజమే. కాని వానిచుట్టు అల్లుకొనియున్న అసంఖ్యాకములైన చిన్నసాధనములు ఒకరిద్దరి తీరికవేళలపై ఆధారపడి యున్నవి. పగలు ఉద్యోగము, రాత్రి లోకసేవ. లోపము కనిపించినచో నిందించువారు పదుగురు. దిద్దుటకు వచ్చువాడు ఒక్కడును లేడు. ఇట్లు కొన్నియేండ్లు గడచునప్పటికి ఆ సేవకుని ఉత్సాహము అడుగంటుట ఆశ్చర్యము కాదు.

ఈ అలసట ఒక వ్యక్తి సొంతబాధ మాత్రమేనని తలచువారికి 2024 మార్చిలో గట్టి గుణపాఠము లభించినది. ఎక్స్‌జెడ్ యూటిల్స్ అనునది ఫైళ్ళను కుదించు చిన్న సాధనము. లోకమందలి లైనక్సు యంత్రములలో మిక్కిలి వ్యాపించినది. దానిని చిరకాలముగా ఒక్కడే వేతనములేక నిర్వహించుచుండెను. తాను అలసియున్నానని అతడు 2022 లోనే బహిరంగముగా తెలిపెను. అదే సమయమున, మునుపెన్నడు వినని పేర్లతో కొందరు, పని ఆలస్యమగుచున్నదని, మఱియొకనికి అప్పగింపుమని అతనిని వేధించిరి. అప్పుడు ఓర్పుతో, వినయముతో సాయపడుచు జియా టాన్ అను పేరుగలవాడు అతని విశ్వాసమును చూరగొని సహనిర్వాహకుడయ్యెను. రెండేండ్లు గడచిన పిదప వాడే ఆ సాధనములో దొంగదారి నొకదానిని దాచెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములో ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుచున్నదేమని తరచి చూచుటచే గుట్టు బయటపడినది. కోటతలుపు బలమైనదే, కావలివాడు ఒక్కడు, వాడును నిద్రలేక తూలుచున్నాడు. శత్రువు తలుపును కొట్టలేదు; కావలివాని భుజము తట్టి, "నీవు విశ్రమింపుము, నేను చూచుకొందును" అన్నాడు.

కావలివారు చాలకుండుట ఒక లోపము. నాయకత్వము ఒక్కనియందే నిలిచిపోవుట రెండవ లోపము. మన దిల్‌సుఖ్‌నగరు విద్యార్థులు పఠించు పైథానును సృష్టించిన గిడో వాన్ రోసమ్ గారికి ఆ సమాజము సగము పరిహాసముగా "యావజ్జీవ దయాళు సర్వాధికారి" యను బిరుద మిచ్చెను. 2018 జులైలో, భాషలో చేర్పదలచిన ఒక చిన్న ప్రయోగముపై చెలరేగిన వాదప్రతివాదములచే విసిగి ఆయన ఆ పదవిని విడిచిరి. ఉత్తరాధికారిని సైతము నియమింపరైరి.

సర్వాధికారి యను మాట మన చరిత్రకు క్రొత్తది కాదు. 1932 లో శాసనోల్లంఘనోద్యమము మరల నడచినపుడు కాంగ్రెసుసంఘములు తమ అధికారమును ఒక సర్వాధికారి కప్పగించి, ఆయన నిర్బంధితుడైనచో తరువాత నెవరు నిలువవలెనో ముందే నిర్ణయించుచుండెను. ఒకరు కారాగృహమున కేగిన మరునాడు మఱియొకరు జెండా పట్టిరి. అచ్చట సర్వాధికారిత్వము ఆజీవనపదవి కాదు, వంతు. ఈ భేదమును పైథాను సమాజము ఆలస్యముగానైనను గ్రహించినది. 2019 లో ఐదుగురు సభ్యుల ఎన్నికైన మండలి ఏర్పడినది. ఒకే యజమానివద్ద పనిచేయువారు ఇద్దరికి మించి యుండరాదను నియమము ఏర్పడినది. వాన్ రోసమ్ గారును ఆ తొలి మండలిలో సామాన్యసభ్యులుగా కూర్చుండిరి. పని ఆగలేదు.

వంతు లేనిచో ఏమగునో తెలియుటకు దూరదేశముల కేగ నక్కరలేదు. పైన చెప్పిన విజయవాడ రహదారిమీదనే మునగాల యున్నది. ఆ సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు హైదరాబాదులో 1901 లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయ స్థాపనకు పూనుకొనిరి. 1906 లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. తుదకు ఆంధ్రవిజ్ఞానసర్వస్వ మను మహాభారమును నెత్తికెత్తుకొనిరి. అకారాది విషయములతోనే మూడు సంపుటములు వెలువడినవి. 1923 లో పంతులుగారు అస్తమించిరి, గ్రంథమును నిలిచిపోయెను. పిదప కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టిరి; 1938 లో వారును కీర్తిశేషులైరి. మహనీయులను కొనియాడుటలో మనకు లోపములేదు. వారి బరువును పంచుకొనుటలోనే లోపము.

"ఇష్టపడి చేపట్టినవాడు కష్టమైనచో విడిచిపోవచ్చును గదా" యని కొంద రందురు. విడిచిపోవచ్చును. కాని దానిపై ఆధారపడిన ఆసుపత్రులు, బ్యాంకులు, ప్రభుత్వకార్యాలయములు ఎచ్చటికి పోవును? నిర్వాహకులలోను దోషము లేకపోలేదు. తాను తప్ప మఱియొకరు చేయలేరను మమకారముచే క్రొత్తవారిని దరిచేరనీయక, చివరకు తామే క్రుంగిపోవువారు కలరు. త్యాగమును అధికారముగా మార్చుకొనుట ఎంత ప్రమాదమో, అధికారమును త్యాగముగా చాటుకొనుటయు అంతే ప్రమాదము.

ఇక మన యువకుల సంగతి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవమున, నాలుగు మార్పులు సమర్పించినవారికి టీషర్టు నిత్తుమనిరి. ఒక భారతీయ వీడియోను చూచి యనేకులు అక్కడొక మాట, ఇక్కడొక మాట చేర్చి పంపిన అర్థరహితములైన మార్పులతో నిర్వాహకుల ద్వారములు నిండిపోయినవి. ఉత్సవకర్తలు నియమములనే మార్చవలసివచ్చెను. ఉద్యోగార్థియైన బాలుని తొందర మేము ఎఱుగనిది కాదు. కాని అలసినవాని నెత్తిపై మఱియొక గంపను పెట్టుట సేవ యనిపించుకొనదు.

చేయదగిన పని కొల్లగా నున్నది. ఒక లోపమును పరీక్షించి స్పష్టముగా తెలుపుట, క్రొత్తవారి ప్రశ్నలకు ఓపికతో బదులిచ్చుట, వివరణపత్రములను తెలుగుచేయుట—ఇవి బిరుదములు తెచ్చు పనులు కావు. నిర్వాహకునికి ఒక రాత్రి నిద్ర తెచ్చు పనులు. 2003 డిసెంబరు 10 న ఆరంభమైన తెలుగు వికీపీడియా నేడు లక్షకు మించిన వ్యాసములతో నిలిచియున్న దనగా, అది యిట్టి పేరులేని చేతుల ఫలమే. కొమఱ్ఱాజువారి యొక్క భుజము మోయలేకపోయిన బరువును అనేకభుజములు మోయుచున్నవి. అచ్చటను చేతులు చాలవు.

కావున మా విన్నపము మూడు మాటలు. ఈ సాధనములతో లాభమార్జించు కంపెనీలు తమ ఉద్యోగుల వేతనకాలములో కొంత భాగమును వాని పోషణకు కేటాయించవలెను. ప్రతి సమాజమును నాయకులకు గడువు నిర్ణయించి, ఉత్తరాధికారులను ముందుగా తీర్చిదిద్దుకొని, అలసినవాడు సిగ్గుపడక తప్పుకొనుటకు దారి యుంచవలెను. శిక్షణాలయములు పైథానును నేర్పుటతో ఆగక, దానిని నిలబెట్టు పద్ధతిని గూడ నేర్పవలెను.

ఎల్.బి.నగరు స్టేషనులో వేకువజామున మెట్రో నెక్కి హైటెక్‌సిటీకి ఉద్యోగప్రయత్నమున పోవు యువకుని సంచిలో నున్న కంప్యూటరును తెఱచి చూచిన, ఎన్నడు చూడని వందలమంది శ్రమ అందున్నది. ఆ ఋణము డబ్బుతో మాత్రమే తీరునది కాదు. అలసినవాడు భుజము మార్చుకొనదలచినపుడు తన భుజము నందీయగలిగినవాడే నిజమైన ఋణవిముక్తుడు.