మార్కుల పట్టికలో కొండ భాషకు గడి లేదు

అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చడానికి యూజీసీ 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక పెట్టింది. డిగ్రీకి 15 దాకా, పీజీకి 25 దాకా, పీహెచ్‌డీకి 30, జేఆర్‌ఎఫ్‌తో నెట్ ఉంటే 7. పరిశోధన పత్రానికి రెండేసి చొప్పున 10కి మించకుండా, బోధన అనుభవానికి మరో 10. ఫిజిక్సుకూ ఇదే పట్టిక, సోషియాలజీకీ ఇదే. అరకు కొండల్లో జనంతో మాట్లాడాల్సిన మనిషికి కువి వచ్చా, ఆదివాసీ ఒడియా వచ్చా అని అడిగే గడి అందులో ఎక్కడా లేదు. పైగా ఈ మార్కులు పిలుపు దాకానే పనికొస్తాయి. ఆ తర్వాత ఎంపిక మొత్తం ఇంటర్వ్యూ మీదే అని అదే నిబంధనలు చెబుతున్నాయి. ఆ గదిలో ఏం జరుగుతుందో మన విశ్వవిద్యాలయాల సంగతి తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ గడి లేకపోతే ఏమవుతుంది? సంత రోజున అరకులో ఒక ప్రశ్నావళి ఎలా నిండుతుందో చూడండి. పసుపు కొమ్ములు, అడ్డాకులు ముందు పోసుకుని కూర్చున్న ఒకావిడ దగ్గరికి పరిశోధకుడు వస్తాడు. వెంట తెలుగు తెలిసిన ఊరి కుర్రాడొకడు దుబాసీ. ‘కుటుంబ నెలసరి ఆదాయం ఎంత?’ ఆమెకు కాఫీ పండ్ల డబ్బు చలికాలంలో వస్తుంది, చింతపండు డబ్బు వేసవిలో వస్తుంది, మధ్యలో కొన్ని నెలలు అప్పే ఆదాయం. నెలకింత అని లేని బతుకుని నెలల్లోకి కుదించి కుర్రాడు ఏదో అంకె చెబుతాడు. ‘కుటుంబ పెద్ద ఎవరు?’ భర్త పేరు. సరుకు తెచ్చిందీ బేరం ఆడిందీ రూపాయలు మూటగట్టుకున్నదీ ఆవిడే అయినా సరే. సాయంత్రానికి కాగితాలు నిండుతాయి. కొన్నాళ్లకు అవి శాతాలవుతాయి, పట్టికలవుతాయి, పత్రమవుతాయి. రెండు మార్కులు.

కుర్రాణ్ణీ పరిశోధకుణ్ణీ తిట్టి లాభం లేదు. శాఖల్లో చాలాచోట్ల పాఠం చెబుతున్నది గెస్ట్ ఫ్యాకల్టీ. క్లాసుల లెక్కన డబ్బు తీసుకునే మనిషి పంట ఏడాది పొడుగునా కొండ మీద ఉండి చూడమంటే ఇంటి అద్దె ఎవరు కడతారు? నియామకం సరిగ్గా లేనిచోట పరిశోధన సరిగ్గా ఉండదు. ఈ రెంటినీ వేరు సమస్యలుగా చర్చించడం మనకో అలవాటు.

ఇలాంటి పని సరిగ్గా చేసినవాళ్లు లేకపోలేదు. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరలను ఇంటికి పిలిచి, వాళ్ల దగ్గరే భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెబుతూ వచ్చిన భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండదొరల భాషను వినీ రాసుకునీ 1969లో కొండ లేదా కూబి భాష మీద పుస్తకం తెచ్చారు. గోదావరి పక్క పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి చూసిన హైమన్‌డార్ఫ్ 1945లో పుస్తకం వేశారు. కలప కాంట్రాక్టర్లు వాళ్లని ఎలా పీల్చుకుతింటున్నారో కూడా అందులో రాశారు. ఒకరు బడి పంతులు, ఒకరు భాషావేత్త, ఒకరు వియన్నా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు. సోషియాలజీ శాఖ నుంచి ఈ జాబితాలోకి ఒక్క పేరు చేర్చుదామంటే నాకు తడుముకోవాల్సి వస్తోంది.

ఇక కొండ మీద పుట్టినవాళ్లే అధ్యాపకుల కుర్చీలో కూర్చునే సంగతి. 2017లో అలహాబాద్ హైకోర్టు, రిజర్వేషన్ లెక్కకు విశ్వవిద్యాలయం కాక ఒక్కో శాఖ యూనిట్‌గా ఉండాలంది. మరుసటి ఏడాది మార్చిలో యూజీసీ అలాగే ఉత్తర్వు ఇచ్చింది. కేంద్రంలో ఎస్టీల వాటా ఏడున్నర శాతం గనుక, వాళ్ల వంతు వచ్చేది 14వ పోస్టుకు. సోషియాలజీ శాఖలో ఉండేదే ఆరో ఏడో కుర్చీలు. అంటే వంతు ఎప్పటికీ రాదు! దేశమంతా గొడవయ్యాక 2019లో చట్టం చేసి, కేంద్ర సంస్థల వరకూ, మళ్లీ విశ్వవిద్యాలయాన్నే యూనిట్ చేశారు. ఒక లెక్క మార్చడానికి పార్లమెంటు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఆదివాసీలే ఆ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందనడానికి ఒక పేరు చాలు. ఉరావ్ తెగకు చెందిన వర్జీనియస్ ఖాఖా ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో సోషియాలజీ చెప్పారు. ఆదివాసీలంటే నేడో రేపో కులంగా మారిపోయేవాళ్లు అన్న పాఠాన్ని నిలదీశారు. ఆదివాసీల స్థితిగతులపై కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడై 2014లో నివేదిక ఇచ్చారు.

రిజర్వేషన్ యూనిట్ చట్టం వచ్చిన 2019లోనే మనకు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. విభజన చట్టంలో రాసిన హామీ అది. విజయనగరం దగ్గర కొండకరకంలో తాత్కాలికంగా మొదలైంది, సొంత ప్రాంగణానికి 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. గిరిజనుల ఉన్నత విద్య, వాళ్ల మీద పరిశోధన తన పని అని దాని చట్టమే చెబుతోంది. అలాంటిచోట కూడా నియామకానికి ఆ దేశవ్యాప్త పట్టికే చాలనుకుంటే, పేరులో ‘గిరిజన’ ఎందుకు?

స్థానిక భాష రావాలని షరతు పెడితే ప్రతిభకు అన్యాయం అంటారు కొందరు. కోర్టు ఒప్పుకోదంటారు ఇంకొందరు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసిన మాట నిజమే. అయితే ముఖ్యంగా తప్పు పట్టింది వంద శాతం రిజర్వేషన్‌ను. అభ్యర్థికి స్థానిక భాష రావాలనడం వేరే సంగతి. అది పుట్టుకను చూసే షరతు కాదు. గిడుగు వారికి వచ్చింది, ఎవరికైనా వస్తుంది. నిజానికి ఎస్టీ కోటా ఒక్కటే ఉన్నా చాలదు. పాడేరులో చదువుకున్న బగత యువకుడికి గదబ పల్లె, పోర్జ పల్లె ఇంటి ముంగిలేం కాదు. చదువులో కొండ మీదా ముందు వెనకలున్నాయి. భాష షరతు పెడితే వెనక ఉన్న పల్లెల నుంచి వచ్చే పిల్లలకి మొదటిసారి వాళ్ల మాటే అర్హత అవుతుంది.

విశ్వవిద్యాలయం పెద్దలను అడిగేది ఒక్కటే. వచ్చే సోషియాలజీ ప్రకటనలో కువి, గదబ, కొండ, సవర, ఆదివాసీ ఒడియాల్లో ఏదో ఒకటి మాట్లాడగలిగి ఉండాలని రాయండి. ఇంటర్వ్యూ గదిలోకి ఆ భాష మాట్లాడే మనిషిని పిలిచి, ఓ పది నిమిషాలు అభ్యర్థితో మాట్లాడనివ్వండి.